గన్నవరమా, మధురపూడా?

జనవరి 30, 2025, గురువారం. భద్రాచలం

పెన్షను పని మీద కొత్తగూడెం వెళ్ళొచ్చాను. ఊరంతా ఒకటే మాట: ఎయిర్‌పోర్టు. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ బృందం ఈ నెలలోనే వచ్చి స్థలం చూసుకుని వెళ్ళింది. ఇదివరకు పునుకుడుచెలక వైపు అన్నారు, ఇప్పుడు రామవరం, గరీబ్‌పేట వైపు అంటున్నారు. బస్టాండు ఎదుట టీ కొట్టు దగ్గర నిలబడితే గజం రేటు గ్లాసు ఖాళీ అయ్యేలోపే పెరిగింది.

నేను సర్వేయరుగా చేశానని తెలిసిన ఒక కుర్రాడు అడిగాడు: "చదునైన భూమి దొరికితే సరిపోదా సార్?" సరిపోదు బాబూ. మనం నేల కొలిచి వదిలేస్తాం. వాళ్ళు నేల మీది గాలిని కూడా కొలుస్తారు. రన్‌వే కొస నుంచి విమానం దిగే దారిలో 50 మీటర్లకు 1 మీటరు చొప్పున లేస్తూ పోయే వాలు ఒకటి ఊహించుకోవాలి. మూడు కిలోమీటర్లు పోయేసరికి దాని ఎత్తు 60 మీటర్లు. ఆ వాలును పొడుచుకుని గుట్ట గానీ, పొగగొట్టం గానీ, కరెంటు టవరు గానీ పైకి రాకూడదు. పెద్ద రన్‌వే అయితే చుట్టూ నాలుగు కిలోమీటర్ల మేర 45 మీటర్ల ఎత్తున కప్పు వేసినట్టు ఇంకో హద్దు ఉంటుంది. మన దగ్గరేమో ఎటు తిరిగినా గుట్టలు, వాటికి తోడు పాల్వంచలో కేటీపీఎస్ కరెంటు ప్లాంటు పొగగొట్టాలు. నిరుడు ఆగస్టులో అక్కడి పాత ప్లాంటు కూలింగ్ టవర్లు ఎనిమిదింటినీ పేల్చి పడగొట్టారు గానీ అది విమానాల కోసం కాదు.

ఎండ సంగతి వేరే. కొత్తగూడెం మే నెల ఎండకు గాలి పలచబడుతుంది. పలచని గాలిలో రెక్కకు పట్టు తక్కువ కాబట్టి అదే విమానం లేవడానికి పొడుగు రన్‌వే కావాలి. ఇదంతా చెప్తే కుర్రాడు నీరుగారిపోయాడు. అడ్వాన్సు ఇచ్చేశాడేమో, అడగలేదు.

ఒకవేళ వచ్చినా రాముడి పేరే పెడతారు. రైలు విషయంలో అదే చేశారు. "భద్రాచలం రోడ్" అని బోర్డున్న స్టేషను కొత్తగూడెంలో ఉంది, రాముడు అక్కడికి నలభై కిలోమీటర్ల దూరాన, గోదావరికి ఈవలి ఒడ్డున ఉన్నాడు. కొత్తవాళ్ళు స్టేషను బయటికొచ్చి "గుడెక్కడండీ" అని అడగడం నా చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను.

ఫిబ్రవరి 9, ఆదివారం

చిన్నమ్మాయి ఫోను. శ్రీరామనవమికి వస్తానంటోంది, టిక్కెట్లు ఇప్పుడే తీసుకుంటే చవకట. "గన్నవరం దిగనా, రాజమండ్రి దిగనా, శంషాబాదా? ఏది దగ్గర నాన్నా?" దేని మీద దగ్గరమ్మా, మ్యాపు మీదా, రోడ్డు మీదా అన్నాను. "మీ లెక్కలు మొదలుపెట్టకండి, నాకు మీటింగుంది" అని పెట్టేసింది.

మొదలుపెట్టకుండా ఎలా ఉంటాను! అట్లాసు తీశాను. మన పదిహేడో అక్షాంశం దగ్గర ఒక డిగ్రీ ఉత్తర దక్షిణాలకు 111 కిలోమీటర్లు, తూర్పు పడమరలకు 106. రెండు ఊళ్ళ మధ్య తేడాలు కట్టి, వాటి వర్గాలు కూడి, వర్గమూలం తీస్తే చాలు. ఇంత చిన్న దూరాలకు భూమి గుండ్రదనం లెక్కలోకి రాదు. భద్రాచలం 17.67, 80.89. గన్నవరం 16.53, 80.80. అంటే మనకు ఇంచుమించు నిట్టనిలువుగా దక్షిణాన, 127 కిలోమీటర్లు. రాజమండ్రి విమానాశ్రయం మధురపూడి: 17.11, 81.82. అది 116. శంషాబాదు 265.

గాలి దూరంలో మధురపూడి పదకొండు కిలోమీటర్లు దగ్గర. కారు ఎక్కితే ఆ తేడా తుడిచిపెట్టుకుపోతుంది. గన్నవరం నుంచి నూజివీడు, విస్సన్నపేట, సత్తుపల్లి మీదుగా రావచ్చు, లేదా మైలవరం, తిరువూరు మీదుగా 30వ నంబరు జాతీయ రహదారి పట్టుకోవచ్చు. మధురపూడి నుంచైతే గోకవరం, రంపచోడవరం, మారేడుమిల్లి ఘాటు, చింతూరు. అది వద్దంటే గోదావరి దాటి కొవ్వూరు, జంగారెడ్డిగూడెం, అశ్వారావుపేట. ఏ దారిన వచ్చినా నూట డెబ్బైకి తగ్గదు. శంషాబాదు నుంచి మూడు వందల పైచిలుకు.

అవతలి కొస కూడా చూడాలి. అమ్మాయి ఉండే బెంగళూరు నుంచి గన్నవరం సూటిగా 497, మధురపూడి 619. టిక్కెట్టు మీద రెండింటికీ గంటన్నరకు కాస్త అటూ ఇటూ వేస్తారు. నూట ఇరవై కిలోమీటర్ల తేడా ఆకాశంలో పావుగంట. అదే తేడా మన రోడ్ల మీదయితే ఒక పూట.

గన్నవరమే అని మెసేజి పెట్టాను. బొటనవేలు బొమ్మ వచ్చింది.

ఫిబ్రవరి 16, ఆదివారం

ఎటపాక నుంచి ఒక పెద్దాయన పొలం కాగితాలు పట్టుకొచ్చాడు. పదవీ విరమణ చేసినా జనం వదలరు, నాకూ వదిలించుకోవాలని లేదు. ఎటపాక మా వీధి నుంచి నడిచి వెళ్ళేంత దూరం. 2014 నుంచి అది ఆంధ్రప్రదేశ్. ఊరు ఇటు, ఊరి చుట్టూ భూమి అటు.

ఆయన పట్టా ఎకరాల్లో, సెంట్లలో ఉంది. తోడల్లుడికి బూర్గంపాడు అవతల ఉన్న భూమి గుంటల్లో ఉంది. రెంటినీ మార్చుకుందామని వాళ్ళ ఆలోచన, ఎవరిది ఎక్కువో తేలడం లేదు. భద్రాచలం తాలూకా 1959 దాకా తూర్పుగోదావరిది, అంటే మద్రాసు పద్ధతి: 66 అడుగుల గొలుసు, నూరు లింకులు. గోదావరికి అవతల నిజాం పద్ధతి: 33 అడుగుల గొలుసు, పదహారు అణాలు. గొలుసు పొడవు, గొలుసు వెడల్పు అయితే గుంట. నలభై గుంటలు ఎకరం. నేను రెండు గొలుసులతోనూ పనిచేసినవాణ్ణి కాబట్టి పావుగంటలో తేల్చాను. తోడల్లుడిదే మూడు గుంటలు ఎక్కువ. పెద్దాయన మొహం చూస్తే మార్పిడి జరగదనిపించింది.

గొలుసు అంటే గుర్తొచ్చింది. వాలు మీద గొలుసును నేలకు ఆనించి కొలవకూడదు. చైన్‌మన్ కింది కొసను పైకెత్తి మట్టంగా పట్టుకుంటాడు, ఆ కొస నుంచి గుండు వేలాడదీసి నేల మీద గుర్తు పెడతాం. అక్కడి నుంచి మళ్ళీ మట్టంగా ఇంకో ముక్క. అలా మెట్లుమెట్లుగా గుట్ట దిగుతాం. నక్షాలో ఎక్కేది ఆ మట్టపు దూరమే. గుట్ట ఎక్కిన అడుగులూ దిగిన అడుగులూ కాగితం మీదికి రావు. రైతులు దీని మీద నాతో ఎంత గొడవపడ్డారో! "నేను దున్నేది ఎక్కువ, నువ్వు రాసేది తక్కువ" అని. విమానాల దూరం కూడా ఈ తరహాదే. ఘాటులో వంకర్లన్నీ తీసేసి మట్టం చేసిన లెక్క.

ఈ అడవిని మొదట అలా మట్టం చేయడానికి వచ్చినవాళ్ళలో జార్జి ఎవరెస్టు ఒకడు. సర్వే పెద్ద లాంబ్టన్ దగ్గర సహాయకుడిగా చేరిన కొత్త. 1819లో కృష్ణా గోదావరుల నడుమ నిజాం తూర్పు సీమలో త్రిభుజాలు కట్టమని పంపారు. పద్ధతి చెప్పడానికి తేలిక: మూడు గుట్టలు ఎంచుకోవాలి, ఒకదాని మీద నుంచి మిగతా రెంటినీ చూసి కోణాలు తీయాలి. ఒక భుజం తెలిస్తే మిగతావి లెక్కలో వస్తాయి. చూపు అందాలి కాబట్టి గుట్ట నెత్తిన చెట్లు కొట్టించాలి. వానాకాలం వచ్చింది, అడవి జ్వరం పట్టుకుంది. అతనితోపాటు బలగమంతా మంచం పట్టింది. మోసుకుంటూ హైదరాబాదు చేర్చారు. కోలుకోవడానికి 1820లో ఆఫ్రికా కొసన కేప్‌కు పంపాల్సి వచ్చింది. 1830లో సర్వేయర్ జనరల్ అయ్యాడు, 1865లో హిమాలయ శిఖరానికి అతని పేరు పెట్టారు. మన దోమకు ఏ పేరూ పెట్టలేదు.

మార్చి 1, శనివారం

పేపర్లో పతాక శీర్షిక: వరంగల్ మామునూరు ఎయిర్‌పోర్టుకు కేంద్రం అనుమతి, నిన్నటి తేదీతో. 1930లో నిజాం కట్టించింది, 1981 దాకా విమానాలు తిరిగాయి. మళ్ళీ తెరవడానికి ఇన్నాళ్ళు అడ్డుపడ్డవాటిలో ఒకటి కాగితం మీది దూరం. శంషాబాదు కట్టినప్పటి ఒప్పందంలో 150 కిలోమీటర్ల లోపు ఇంకో విమానాశ్రయం రాకూడదని రాసుకున్నారు. అదీ గాలి దూరం. కట్టి చూశాను, మామునూరు నాకు 145 వచ్చింది. అయిదు కిలోమీటర్ల కోసం జీఎంఆర్ సంస్థ నుంచి అభ్యంతరం లేదన్న పత్రం తెచ్చుకోవలసి వచ్చింది. గట్టు తగాదాలు పొలాలకే అనుకునేవాణ్ణి.

కొత్తగూడెం 235, ఆ గీతకు బయటే. ఒప్పందం గొడవ లేదు. కానీ 235 కిలోమీటర్లకు విమానం దేనికి? ఏటీఆర్ విమానం నిలకడగా పోయేటప్పుడు గంటకు అయిదు వందల దాకా పోతుంది, లెక్కప్రకారం అరగంట. టిక్కెట్టు మీద గంట వేస్తారు. 264 కిలోమీటర్ల హైదరాబాదు-గన్నవరానికి వేస్తున్నది కూడా అంతే. ఎందుకంటే వాళ్ళు లెక్కపెట్టేది చక్రాల కింద అడ్డు తీసినప్పటి నుంచి మళ్ళీ అడ్డు పెట్టేదాకా. రన్‌వే దాకా నడక, వరుసలో ఎదురుచూపు, పైకెక్కడం, కిందికి దిగడం, గాలివాటాన్ని బట్టి చుట్టు తిరిగి రావడం అన్నీ అందులోనే. వంద కిలోమీటర్లు పోయినా వెయ్యి పోయినా ఈ ఖర్చు తప్పదు. దగ్గరి ఊళ్ళకు విమానం గిట్టుబాటు కాకపోవడానికి కారణం ఇదే. ఉడాన్ పథకంలో గంట ప్రయాణానికి 2,500 రూపాయల సీట్లు పెట్టి, మూడేళ్ళు ప్రభుత్వం లోటు పూడ్చింది. 2017 ఏప్రిల్ 27న కడప నుంచి హైదరాబాదుకు ఆ పథకం కింద విమానం మొదలుపెట్టిన ట్రూజెట్ ఇప్పుడు లేనే లేదు.

నా లెక్క రాసి పెడుతున్నాను. భద్రాచలం నుంచి కొత్తగూడెం గంట, ముందుగా చేరి కూర్చోవడం గంట, గాల్లో గంట, శంషాబాదు నుంచి నగరంలోకి ఇంకో గంటా గంటన్నర. దానికి బదులు రాత్రి బస్సులో పడుకుంటే తెల్లారేసరికి ఎంజీబీఎస్. హైదరాబాదుకైతే నాకు ఈ ఎయిర్‌పోర్టు అక్కర్లేదు. బెంగళూరుకో, తిరుపతికో, ఢిల్లీకో నేరుగా పోతే అప్పుడు మాట్లాడదాం. నిరుడు ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఒప్పుకున్న మల్కన్‌గిరి-పాండురంగాపురం రైలు మార్గం 173 కిలోమీటర్లు, అది భద్రాచలం మీదుగా పోతుంది. నన్నడిగితే ముందు అది.

మార్చి 16, ఆదివారం

వి.ఆర్.పురం మండలంలో మా చైన్‌మన్ ఇంటికి వెళ్ళాను, మనవరాలి ఓణీల వేడుక. కోయ మనిషి, నాకంటే నాలుగేళ్ళు చిన్న. గుండు వేలాడదీయడంలో అతని చెయ్యి వణికితే నేను ఎన్నడూ చూడలేదు. కూనవరం దాటాక శబరి వంతెన మీద ఆగి నీళ్ళు చూశాం. పల్చగా ఉన్నాయి.

భోజనాలయ్యాక చింతచెట్టు కింద మంచాలు వేశారు. నడినెత్తిన విమానం పోయింది, తూర్పుకు. "రోజూ ఎల్తాయి సారూ, ఎక్కడికి?" అన్నాడు. హైదరాబాదు నుంచి విశాఖకేమో అన్నాను. స్కేలు పెట్టి చూస్తే ఆ రెంటి మధ్య 511 కిలోమీటర్లు, సరిగ్గా సగం ములకలపల్లి అడవుల దగ్గర పడుతుంది. అక్కడి నుంచి ఇంకాస్త తూర్పుకు ఈ ఊరు. విమానాలు స్కేలు గీత మీద పోవనుకోండి, వాటికి వాటి మలుపు గుర్తులు ఉంటాయి, అయినా పెద్ద తేడా రాదు. కిటికీ పక్కన కూర్చున్నవాడికి ఈ అడవి దాటడం పది పన్నెండు నిమిషాల పని.

చింతూరు మీదుగా ఉత్తరానికి పోతే కొంట, సుక్మా, ఆపైన జగ్‌దల్‌పూర్. అక్కడా 2020 సెప్టెంబరు నుంచి ఏటీఆర్ దిగుతోంది. అంటే ఈ ఊరికి పడమర శంషాబాదు, దక్షిణాన గన్నవరం, తూర్పున మధురపూడి, ఉత్తరాన జగ్‌దల్‌పూర్. నాలుగు దిక్కులా విమానాశ్రయాలే. ఈ మాట నేను గొప్పగా చెప్తుంటే చైన్‌మన్ వాళ్ళ తమ్ముడు, "ఆసుపత్రి ఏ దిక్కు సారూ?" అన్నాడు. భద్రాచలం ఇప్పుడు వేరే రాష్ట్రం. జిల్లా కేంద్రం పాడేరు, దానికి పోవాలంటే రోజంతా ప్రయాణం. రాజమండ్రి ఘాటు దిగితే గానీ రాదు.

"మాకు దూరం లెక్క కాదు సారూ, ఎత్తు లెక్క" అన్నాడు చైన్‌మన్. పోలవరం ప్రాజెక్టు ముంపు మాట. మొదటి దశకు 41.15 మీటర్ల కాంటూరు గీత గీశారు, పూర్తి మట్టం 45.72. గీతకు కింద ఇల్లు ఉన్నవాడికి పరిహారం ముందు, పైనున్నవాడికి తర్వాత. వరద మాత్రం ఇద్దరికీ ఒకేసారి వస్తుంది. అతని ఇల్లు పైన, పశువుల కొట్టం కింద. నేను లెవెలింగు స్టాఫ్ మీద ఆ అంకె చదివినవాణ్ణి కాబట్టి ఏం మాట్లాడాలో తోచలేదు.

2022 జులై వరద గురించి చాలాసేపు మాట్లాడుకున్నాం. భద్రాచలం దగ్గర 71.3 అడుగులు. 1986లో 75.6 వచ్చాక అంత ఎత్తు మళ్ళీ రాలేదు. వంతెన మూసేశారు. అవతలి ఒడ్డున సారపాక కళ్ళెదుట కనిపిస్తున్నా, అమెరికా అయినా మాకు ఆ రోజు ఒకటే.

మార్చి 30, ఉగాది

విశ్వావసు. పంచాంగ శ్రవణంలో పంతులుగారు ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు అన్నీ చెప్పారు. కొత్తగూడెం విమానయోగం ప్రస్తావన రాలేదు. పచ్చడిలో ఈసారి వేపపువ్వు బాగా దొరికింది.

ఏప్రిల్ 5, శనివారం

చిన్నమ్మాయి వచ్చింది. దాని చేత గంటలు చెప్పించి రాసుకున్నాను. తెల్లవారి నాలుగున్నరకు బెంగళూరులో ఇంటి నుంచి బయల్దేరింది. దేవనహళ్ళి చేరడానికి గంట. విమానం గంటకు పైగా ఆలస్యం, కారణం ఎవరూ చెప్పలేదట. గాల్లో ఉన్నది చూస్తే గంటా పది నిమిషాలే. గన్నవరంలో దిగేసరికి తొమ్మిదిన్నర దాటింది. అక్కడి నుంచి కారు. తిరువూరులో ఇడ్లీ, వి.ఎం.బంజర దగ్గర లారీల వరుస, కొత్తగూడెం నుంచి పండుగ రద్దీ, సారపాక వంతెన మీద నడక వేగం. ఇంట్లో కాలు పెట్టేసరికి రెండున్నర. పది గంటల్లో గాల్లో ఉన్నది గంటా పది.

"ఖమ్మం నుంచి దేవరపల్లికి కొత్త హైవే పడుతోందిగా నాన్నా" అంది. నిజమే, 162 కిలోమీటర్లు, నాలుగు వరసలు, సత్తుపల్లి, జంగారెడ్డిగూడెం మీదుగా. అది పూర్తయితే మధురపూడి మనకు ఎక్కువ దగ్గరవుతుందా, గన్నవరమా అన్నది మళ్ళీ లెక్క వేయాలి. దాని ముందు వేయలేదు.

ఏప్రిల్ 6, శ్రీరామనవమి

మిథిలా స్టేడియం కిటకిట. ముఖ్యమంత్రి పట్టువస్త్రాలు, ముత్యాల తలంబ్రాలు తెచ్చారు. హెలికాప్టరు చప్పుడుకు పిల్లలంతా మేడల మీదికి. హైదరాబాదు నుంచి సూటిగా 260 కిలోమీటర్ల లోపే, ఘాట్లు లేవు, టోల్ గేట్లు లేవు. మా వెనక వరుసలో కూర్చున్న కొండ ఊరివాళ్ళు రెండు రోజుల కిందట నడక మొదలుపెట్టారట. అభిజిల్లగ్నానికి అందరం ఒకేసారి అక్షింతలు వేశాం. ఎండకు తల తిరిగింది, మజ్జిగ ఇచ్చిన పిల్లలు చల్లగా ఉండాలి.

ఏప్రిల్ 8, మంగళవారం

తిరుగు ప్రయాణం మధురపూడి నుంచి. అమ్మాయి పంతం: మారేడుమిల్లి చూడాలి, బొంగు చికెన్ తినాలి. టిక్కెట్టు నాకు చెప్పకుండానే అలా తీసుకుంది. నేనూ తోడు వెళ్ళాను.

చింతూరు దాటాక ఘాటు మొదలు. ఎండాకాలం కాబట్టి మంచు లేదు, వెదురు ఎండి రోడ్డు మీదికి వంగి ఉంది. ఒక మలుపులో లారీ నిలిచిపోయి అరగంట ఆపింది. అమ్మాయి ఫోనులో చూసి, ఇక్కడి నుంచి ఎయిర్‌పోర్టుకు సూటిగా ఎంత నాన్నా అంటే అరవై డెబ్బై ఉంటుందన్నాను. రోడ్డు దాదాపు ఒకటిన్నర రెట్లు చూపిస్తోంది. బొంగులో కోడి వేగడానికి తీసుకున్న సమయం కూడా దీనికి కలపాలి. ఆకులో పోసి ఇచ్చారు, ఉప్పు తక్కువైనా రుచిగా ఉంది.

మధురపూడిలో దాన్ని దింపేసరికి మూడు. తిరిగి ఘాటు ఎక్కడానికి డ్రైవరు ఒప్పుకోలేదు, చీకటి పడుతుందని. కొవ్వూరు మీదుగా పడ్డాం. అశ్వారావుపేటలో టీకి ఆగితే ఫోను వచ్చింది. దేవనహళ్ళిలో దిగి క్యాబులో కూర్చుందట, హెబ్బాళ దగ్గర బండ్లు కదలడం లేదట. "ఎవరు ముందు ఇల్లు చేరతారో పందెం" అంది. అయిదు వందలు.

మా డ్రైవరు పందెం సంగతి విని బూర్గంపాడు దాకా ఎక్కడా ఆపలేదు. గేటు తీసి ఫోను చేస్తే అది ఇంకా అపార్టుమెంటు లిఫ్టులోనే ఉంది. డబ్బులు పంపమన్నాను. "అవతల దిక్కున సిగ్నల్ లేదు నాన్నా" అని కట్ చేసింది.